వాడ దాకా రాని మతం

(తనకల్లులో అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు జైనమతం గురించి మాట్లాడతామంటే సభ జరిపే తమ్ముళ్లు కొంచెం తటపటాయించినారు. "అంబేద్కర్ జయంతి నాడు మనకూ జైనానికీ ఏం సంబంధం సార్?" అన్నారు. ఆ సంబంధం చెప్పడానికే ఇక్కడికి వచ్చినాం.

ఈ మాట మా తరగతి గదిలో పుట్టింది. సాంఘికశాస్త్రం పాఠం చెబుతా ఉంటే వెనక బెంచీలోని పిల్లవాడు లేచి అడిగినాడు: "సార్, బుద్ధుడు, మహావీరుడు ఇద్దరూ ఒకే పాఠంలో ఉండారు. ఇద్దరూ యజ్ఞాలు వద్దన్నారు. ఇద్దరూ రాజ్యం వదిలి పోయినారు. బుద్ధుని బొమ్మ మా వాడలో ఉండాది. మహావీరునిది యాడా లేదేంటికి?"

ఆ పూట మేము పరీక్షకు పనికొచ్చే జవాబు చెప్పి కూర్చోబెట్టినాం. జైనుల నియమాలు కఠినం, అందుకే వ్యాపించలేదు అన్నాం. పుస్తకంలో ఉండేది అంతే. కానీ ఆ ప్రశ్న మాతోపాటు ఇంటికొచ్చింది. బౌద్ధం సింహళానికి, చైనాకు, జపానుకు పోయింది. దాని తోడబుట్టిన జైనం ఈ దేశం గడప దాటలేదు. పుట్టిన బీహారులోనే దాన్ని పాటించేవాళ్లు కొద్దిమంది. ఇదేంటికి జరిగిందని వెతుక్కుంటా పోతే మనకు మన చరిత్రే కనబడింది.

మొదట ఒక అపోహ తీసేద్దాం. జైనం మన ప్రాంతానికి రాలేదనుకుంటే తప్పు. పెనుకొండలో పార్శ్వనాథుడి గుడి ఇప్పటికీ ఉంది, పచ్చరాతి విగ్రహంతో. మడకశిర పక్కన అమరాపురంలో 1278 నాటి శాసనం ఒక జైన బసదికి ఇచ్చిన దానం గురించి చెబుతుంది. కడప జిల్లాలో పెన్న ఒడ్డున, జమ్మలమడుగు దగ్గర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇసుక దిబ్బలు తవ్వితే రాష్ట్రకూటుల కాలపు బసది బయటపడింది. ఆ ఊరి పేరేమో దానవులపాడు. జినులు బతికిన చోటికి దానవుల పేరు మిగిలింది.

గుంతకల్లు దగ్గర, వజ్రకరూరు మండలంలో కొనకొండ్ల ఉంది. దిగంబర జైనులు మహావీరుడి తర్వాత తలుచుకునే పేర్లలో కుందకుందాచార్యుడిది ఒకటి. 'సమయసారం' రాసినాయన. ఆయనకు ఆ పేరు వచ్చింది ఈ ఊరి పేరు మీదనే అంటారు. అక్కడి గుట్ట మీద తీర్థంకరుల బొమ్మలు ఉండాయి. జనం ఆ గుట్టను రససిద్ధుల గుట్ట అంటారు. బంగారం చేసే సిద్ధులు ఉండిన గుట్ట అని అర్థం. అంటే ఏమిటి? దేశమంతా జైనులు పొద్దున లేచి తలుచుకునే మనిషి పేరు ఆయన ఊరి గుట్టకే లేదు.

తెలంగాణలో కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు శాసనం చెక్కించినాడు. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడాయన. అందులో తెలుగు కంద పద్యాలు ఉండాయి. నన్నయకు ముందే తెలుగు పద్యాన్ని రాతి మీదికి ఎక్కించిన చెయ్యి జైనుడిది. కాబట్టి జైనం వచ్చింది, గుడి కట్టింది, పద్యం రాసింది. వచ్చినది నిలబడకపోవడమేంటికి అన్నదే మన ప్రశ్న.

దీనికి పండితులు రెండు జవాబులు చెబుతారు. రెండూ నిజమే. కానీ రెండూ చాలవు.

మొదటి జవాబు: చంపినారు, తరిమినారు. ఇది జరిగింది. శ్రీశైలం మల్లికార్జునుడి గుడి స్తంభాల మీద 1512 నాటి శాసనం ఉంది. లింగడనే నాయకుడు తాను చేసిన పుణ్యకార్యాలు చెక్కించుకుంటా, శ్వేతాంబర జైనుల తలలు నరికించడాన్ని కూడా ఆ పుణ్యాల లెక్కలో రాయించుకున్నాడు. ఏకాంతద రామయ్య కన్నడ దేశంలో జైన విగ్రహం విరగ్గొట్టిన కథను పాల్కురికి సోమన బసవపురాణంలో గొప్పగా చెప్పినాడు. హిందూమతం అందరినీ ఓర్చుకుంది, ఎవరినీ హింసించలేదు అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లను ఒకసారి శ్రీశైలం పోయి ఆ స్తంభాలు చూసి రమ్మనండి.

అయితే మిత్రులారా, కొట్టినంత మాత్రాన మతం చావదు. మన కళ్ల ముందరి సంగతే చూడండి. ఏసును నమ్ముకున్న మాల మాదిగలను ఊరివాళ్లు కొట్టలేదా? బావి కాడికి రానివ్వకుండా, కూలికి పిలవకుండా కడుపు మాడ్చలేదా? ఆ ప్రార్థన మందిరాలు పోయినాయా? పోలేదు. వాటిని పట్టుకున్నది వాడ. వాడకు పోయే చోటు వేరే లేదు, అందుకే అది పట్టింది విడవదు.

రెండో జవాబు: సన్యాసుల నియమాలు. జైనముని నడిచే పోవాలి. బండి ఎక్కకూడదు, ఓడ ఎక్కకూడదు. వానాకాలం నాలుగు నెలలు ఒకచోటే ఉండాలి. వండుకోకూడదు, శుద్ధమైన ఇంట్లో భిక్ష తినాలి. అంటే జైన కుటుంబాలు లేని దేశానికి జైనముని పోలేడు. ముని పోకుంటే అక్కడ జైన కుటుంబాలు పుట్టవు. అదొక ముడి. బౌద్ధ భిక్షువుకు ఆ ముడి లేదు. ఓడ ఎక్కినాడు, పెట్టింది తిన్నాడు. మన నాగార్జునకొండలో మూడో శతాబ్దం నాటికే సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా విహారం ఉండింది. వాళ్లు సముద్రం దాటి వచ్చి ఉన్నారు, ఇక్కడివాళ్లు అక్కడికి పోయినారు.

1893లో చికాగో సర్వమత సభ సంగతి అందరికీ తెలుసు. వివేకానందుడి పేరు బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ సభకు జైనుల తరఫున ఆత్మారామ్‌జీ అనే ఆచార్యుడికి పిలుపు వచ్చింది. ఆయన ముని, ఓడ ఎక్కకూడదు. అందుకని గృహస్థుడైన వీర్‌చంద్ గాంధీని పంపినారు. ఆయన బాగానే మాట్లాడినాడు. అయినా ఆయన వెనక ఒక సంఘం అమెరికాలో నాటుకోలేదు. చిత్రభాను ముని నియమం కాదని విమానం ఎక్కి జెనీవా పోయింది 1970లో. తేరాపంథ్ ఆచార్య తులసి వాహనం ఎక్కడానికి వీలున్న 'సమణ' శ్రేణిని పెట్టింది 1980లో. రెండున్నర వేల ఏళ్ల మతానికి ఇది నిన్నటి మాట.

కానీ ఈ జవాబులో కూడా ఒక వెలితి ఉంది. మునులు ఓడ ఎక్కకపోయినా జైన వ్యాపారులు ఎక్కినారు. 1890ల నుంచి గుజరాతు ఓశ్వాల్ జైనులు కెన్యాకు పోయినారు. అంగళ్లు పెట్టినారు, తర్వాత గుళ్లు కట్టుకున్నారు. ఇంగ్లండులో లెస్టర్ పట్టణంలో 1988లో పెద్ద దేవాలయం ప్రతిష్ఠ చేసుకున్నారు. జైనం అట్లా సముద్రం దాటింది. దాటి ఏం చేసింది? బంధువుల వెంట పోయి బంధువుల ఇంట్లోనే దిగింది. పక్కింటి నల్లవాడి గడప తొక్కలేదు. కాబట్టి ముని కాళ్లకు ఉన్న కట్టు ఒక్కటే కాదు, గృహస్థుడి గడపకు కూడా ఏదో కట్టు ఉంది. అదేంటో చూద్దాం.

జైన గృహస్థుల ఆచార గ్రంథాల్లో పదిహేను వృత్తుల పట్టిక ఒకటి ఉంది. చేయకూడని వృత్తులు. పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడు యోగశాస్త్రంలో కూడా వాటిని వివరించినాడు. కొన్ని చెబుతాం, చెవులు పెట్టి వినండి. బొగ్గులు కాల్చడం. చెట్లు కొట్టడం. బండ్లు చేయడం. బాడుగకు బండి తోలడం. భూమిని తవ్వడం, దున్నడం. దంతం, చర్మం వంటి జంతువుల వస్తువులు అమ్మడం. కల్లు సారాయి అమ్మడం. గానుగ ఆడించడం. కోడెలకు విత్తులు కొట్టడం, ముక్కు పొడవడం. చెరువు నీళ్లు తోడి ఎండగట్టడం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఈ పట్టికలో పడనివాళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి. మా నాయన చెప్పులు కుట్టినాడు, మడక దున్నినాడు. మా అమ్మ బొగ్గులు కాల్చి కొక్కంటి క్రాస్‌కు మోసింది. ఈ నేల మీద చెనిక్కాయ పండాలంటే మట్టి తిరగేయాలి, తిరగేస్తే పురుగు చస్తుంది. పురుగు చస్తుందని మడక ఆపితే పిల్లోళ్లు చస్తారు. పట్టికలో వడ్డీ వ్యాపారం ఉందా అని వెతికినాం. లేదు. తూకం పట్టడం, అప్పివ్వడం, చిట్టా రాయడం, ఇవన్నీ చేతికి నెత్తురంటని పనులు. పురుగును చంపకుండా మనిషిని ఎండగట్టే వడ్డీ అహింస లెక్కలో పట్టుబడలేదు. ఇది ఎవరినో ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. ఒక గొప్ప విలువను శ్రమ చేసేవాడి వైపు నుంచి చూడకుండా రాస్తే ఏమవుతుందో చెబుతున్నాం. చీమను కూడా చంపకూడదన్న జాలి, చీమల మధ్య బతికే మనిషిని పాపిని చేసింది.

అందుకే జైనం మన దగ్గర రాజు మీద, సెట్టి మీద నిలబడింది. అమరాపురం శాసనంలో దానం ఇచ్చింది ఒక సెట్టి. ఇచ్చింది వక్క చెట్లు. దేవుడి పేరుంది, గురువు పేరుంది, సెట్టి పేరుంది. ఆ వక్క చెట్లకు నీళ్లు మోసినవాళ్ల పేరు లేదు. రాజ్యాలు మారినాయి, రాజులు శివుడి వైపో విష్ణువు వైపో తిరిగినారు. వర్తకులు దారులు మారినాయని లేచిపోయినారు. బసది దగ్గర దీపం పెట్టడానికి మిగిలినవాళ్లు ఎవరు?

మీరు అడగొచ్చు: అన్నిచోట్లా ఇట్లే జరిగిందా అని. జరగలేదు, అదే అసలు రుజువు. కొల్హాపూర్, బెళగావి వైపు పోండి. అక్కడ చతుర్థ జైనులు మడక పట్టే రైతులు. తమిళనాడులో వందవాసి చుట్టుపక్కల తమిళ జైనులు తరతరాలుగా సేద్యం చేసుకునేవాళ్లు. పట్టికలో ఏం రాసున్నా వాళ్లు దున్నుకుంటానే జైనులుగా ఉన్నారు. రాజులు పోయినా, శైవులు తరిమినా అక్కడ జైనం చావలేదు. మట్టిలో కాలు పెట్టిన చోట బతికింది, అంగడి అరుగు మీదనే కూర్చున్న చోట అరుగుతోపాటే లేచిపోయింది. రైతు దాకా దిగింది కాబట్టి ఆ రెండు చోట్లా మిగిలింది. ఇంకొక మెట్టు దిగి వాడ దాకా వచ్చిందా?

ఒకప్పుడు వచ్చింది. ఇది మనవాళ్లకు తెలియాల్సిన సంగతి. జైనుల పాత ఆగమం ఉత్తరాధ్యయన సూత్రంలో హరికేశబలుడి కథ ఉంది. ఆయన చండాల కుటుంబంలో పుట్టి ముని అయినాడు. యజ్ఞం జరిగే చోటికి భిక్షకు పోతే బ్రాహ్మణులు తిట్టి కొట్టించినారు. చివరికి వాళ్లే ఆయన కాళ్ల మీద పడినారు. పుట్టుకతో ఎవరూ బ్రాహ్మణుడు కారని ఆ గ్రంథమే మరోచోట చెబుతుంది. అంటే మొదట్లో తలుపు తెరిచే ఉంది, మనవాడు లోపలికి పోయినాడు.

ఆ తలుపు ఎప్పుడు మూసుకుంది? తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి గురువు జినసేనుడు ఆదిపురాణం రాసినాడు. అందులో వర్ణాలను జైనంలోకి తెచ్చుకున్నాడు. శూద్రులను తాకదగినవాళ్లు, తాకరానివాళ్లు అని విడదీసినాడు. తాకరానివాళ్లు జనావాసానికి బయట ఉండేవాళ్లు అన్నాడు. దీక్షకు శూద్రుడే పనికిరాడన్న చోట ఊరి బయటివాడి గతి వేరే చెప్పాలా? బ్రాహ్మణమతంతో బతకాలంటే దాని మాదిరే ఉండాలనుకున్నారు. అట్లా బ్రాహ్మణమతాన్ని ఎదిరించి పుట్టింది కాస్తా దాని మనుధర్మాన్నే అరువు తెచ్చుకుంది. అరువు తెచ్చుకున్నది దాన్ని కాపాడిందా?

ఇప్పుడు ఈ ప్రసంగంలో ముఖ్యమైన సంగతికి వస్తాం. 1368లో విజయనగర బుక్కరాయల దగ్గరికి జైనులు ఫిర్యాదు తీసుకపోయినారు. శ్రీవైష్ణవ భక్తులు తమకు అన్యాయం చేస్తున్నారని. ఆ పోయిన జైనుల్లో ఆనెగొంది వాళ్లు, మన పెనుకొండ వాళ్లు ఉన్నారని శాసనమే చెబుతుంది. శ్రవణబెళగొళలో ఆ శాసనం ఉంది. రాయలు జైనుల చెయ్యి పట్టి వైష్ణవుల చేతిలో పెట్టినాడు. మీ దర్శనానికీ వాళ్ల దర్శనానికీ భేదం లేదన్నాడు. జైనులకు పంచ మహావాద్యాలు, కలశం హక్కని ఒప్పించినాడు. జైనుల ఇంటికి ఏటా ఒక హణం వసూలు చేసి, ఆ డబ్బుతో బెళగొళ దేవుడికి ఇరవై మంది కావలి వాళ్లను వైష్ణవులే పెట్టాలని, మిగిలిన డబ్బుతో పాడుపడిన బసదులకు సున్నం కొట్టించాలని తీర్మానం.

ఇక వైష్ణవుల వైపు ఎవరెవరు నిలబడినారో వరుసగా పేర్లు ఉండాయి. తిరుమల మొదలు పెద్ద పెద్ద క్షేత్రాల ఆచార్యులు, సేవకులు. ఆ వరుస చిట్టచివర రెండు పేర్లు: తిరుకులం, జాంబవకులం. తిరుకులమంటే హొలెయులని, అంటే మన మాలలకు సాటివాళ్లని, జాంబవకులమంటే మాదిగలని పండితులు చెప్పినారు.

ఆ మాట చదివినప్పుడు మాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆరున్నర శతాబ్దాల కిందటి రాతి మీద మాల మాదిగలిద్దరి పేర్లూ పక్కపక్కన ఉండాయి. యాడ ఉండాయి? జైనులను బాధపెట్టినారని ఫిర్యాదు వచ్చిన పక్షంలో ఉండాయి. యజ్ఞాన్నీ వేదాన్నీ కాదన్న మతానికి ఎదురుగా, వేదం మోసేవాళ్ల చివరి వరుసలో మనం నిలబడినాం. ఏంటికి? మేల్కోటలో రామానుజుడి పేరు చెప్పి తిరుకులం వాళ్లకు ఏడాదికి మూడు రోజులు గుడి తలుపు తెరిచే ఆచారం ఉండింది. మూడు రోజులు! మూడొందల అరవై రెండు రోజులు మూసి మూడు రోజులు తెరిచిన తలుపు కోసం మన పెద్దలు ఆ వైపు నిలబడినారు. అటువైపు బసదిలో ఆ మూడు రోజులు కూడా లేవు. వాళ్లను తప్పుపట్టగలమా? జైనం హరికేశబలుడిని మరిచిపోకుండా ఉండి ఉంటే పెనుకొండ జైనుడు కావలి కోసం రాజు దగ్గరికి పోవాల్సిన పని ఉండేదా? పక్క వాడే అడ్డం నిలబడేది.

ఆ తలుపు మన కాలం దాకా మూసే ఉంది. 1947లో బొంబాయి రాష్ట్రంలో హరిజనుల ఆలయ ప్రవేశ చట్టం వచ్చినప్పుడు అది జైన గుళ్లకు వద్దని ఆచార్య శాంతిసాగర్ ఏళ్ల తరబడి ధాన్యం మానేసినాడు. జైన గుళ్లలోకి పోయే హక్కు ఆ చట్టం వల్ల హరిజనులకు రాదని 1951లో బొంబాయి హైకోర్టు చెప్పినాకనే మళ్లీ ముట్టినాడు. అందరూ అట్లాంటివాళ్లే అనడం అన్యాయం. 1919లో రయత్ శిక్షణ సంస్థ పెట్టి అన్ని కులాల పిల్లలను ఒకే హాస్టల్లో ఉంచి చదివించిన భావురావ్ పాటిల్ జైన రైతు బిడ్డ. 1960లలో మాళవ ప్రాంతంలో ఆచార్య నానాలాల్ బలాయీ కులస్థులను ధర్మపాల్ జైనులుగా చేర్చుకున్నాడు. తలుపు తీసిన చోట జనం వచ్చినారు. తీసిన చోట్లు తక్కువ.

ఇప్పుడు లెక్కలు చూడండి. 1951 జనాభా లెక్కల్లో జైనులు 16 లక్షలు. బౌద్ధులు రెండు లక్షలు కూడా లేరు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నాడు. 1961 లెక్కలకు బౌద్ధులు 32 లక్షలు దాటినారు. 2011లో జైనులు 44 లక్షల చిల్లర, బౌద్ధులు 84 లక్షల పైన. బౌద్ధం కూడా ఈ దేశంలో చచ్చిన మతమే కదా అంటారు. అవును, విహారాన్నీ వర్తకుడినీ నమ్ముకుని అదీ ఇక్కడ చచ్చింది. మళ్లీ లేపింది ఎవరు? రాజు కాదు, సెట్టి కాదు. మహారాష్ట్రలో చచ్చిన గొడ్డును మోసిన మహర్లు. అహింసను బుద్ధుడు బుద్ధితో పాటించే సూత్రంగా పెట్టినాడు గాని మెడకు కట్టే పలుపుగా పెట్టలేదని బాబాసాహెబ్ వివరించినాడు. కూలి చేసే మనిషి నిలబడడానికి అందులో చోటుంది. ఆ పిల్లవాడి ప్రశ్నకు ఇదే మా జవాబు. బుద్ధుని బొమ్మ మన వాడలో ఉండేది వాడే దాన్ని తెచ్చుకుంది కాబట్టి.

ఇంతటితో ముగిస్తే మీరు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. జైనుల తప్పు చెప్పడం సులభం. మన సంగతి?

మేము మా ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లం. ఉద్యోగం వచ్చింది. మన మాదిరి ఉద్యోగస్థులు చాలామంది కదిరిలోనో అనంతపురంలోనో ఇల్లు కట్టుకున్నారు. జయంతి సభ మండల కేంద్రంలో, మైకులో, పుస్తకాల భాషలో. ఈ సభకు వచ్చిన ఆడవాళ్లను లెక్కపెట్టినాం, పదకొండు మంది. మిగిలినవాళ్లు కూలి పోతుందని రాలేదు. మన పత్రిక చదివేవాళ్లలో జీతగాళ్లు ఎందరు, కూలీలు ఎందరు? మేమూ ఒక పట్టిక రాసుకున్నామా? చదవడం రానివాడు కూడదు, తాగేవాడు కూడదు, ఇంగ్లీషు రానివాడు స్టేజీ ఎక్కకూడదు అని?

ఇంకొక మాట. కోపం వచ్చినా సరే. డక్కలి వాళ్లు మన వాడకు వస్తే లోపలికి పిలిచి చాప వేస్తామా? మాలింటి పెళ్లిలో మాదిగ, మాదిగింటి పెళ్లిలో మాల ఒకే పంక్తిలో కూర్చుంటున్నారా? 1368లో రాజు పిలిస్తే పక్కపక్కన నిలబడినాం. మనంతట మనం నిలబడలేమా? ఊరు మనకు వేసిన గడియను మనం ఇంకొకరికి వేస్తే, రేపు మన ఉద్యమం కూడా గుట్ట మీద బొమ్మే. దానికి వచ్చే తరం ఏ రససిద్ధుల పేరో పెట్టుకుంటుంది.

అందుకని మూడు పనులు. ఒకటి, నెలనెలా సభ మండల ఆఫీసు పక్కన వద్దు, ఒక్కో నెల ఒక్కో వాడలో, కూలి నుంచి వచ్చినాక రాత్రి ఎనిమిదింటికి. రెండు, ఈ పత్రిక వచ్చినప్పుడు చదువొచ్చిన ప్రతి పిల్లా పిల్లవాడూ చదువురాని పదిమందికి గట్టిగా చదివి వినిపించాలి. మూడు, మొదటి సభ డక్కలి వాళ్ల గుడిసెల దగ్గర పెడదాం. వాళ్లు వండింది తిందాం. మొదటి పంక్తిలో మేము కూర్చుంటాం.

పొలాల్లో, గుట్టల్లో దిగంబర విగ్రహం కనబడితే పగలగొట్టకండి, గొడ్లు కట్టేయకండి. హరికేశబలుడిని తలుచుకోండి. ఆ రాయి మనల్ని ఒకప్పుడు లోపలికి రానిచ్చింది.

జై భీమ్.